కౌమారంలో మత్తు పదార్థాల మిశ్రమ వాడకం

పదేళ్లు దాటిన పిల్లల దగ్గర్నుంచి కాలేజీ చదువు ముగియని విద్యార్థుల దాకా, రెండు లేదా అంతకు మించి మత్తు పదార్థాలను ఒకే పూట గానీ, ఒకే కాలంలో వేర్వేరు రోజుల్లో గానీ వాడటాన్ని మిశ్రమ వాడకం అంటారు. శనివారం రాత్రి బీరు తాగుతూ సిగరెట్ కాల్చడం దీని కిందికి వస్తుంది. హాస్టల్లో గంజాయి, పరీక్షలప్పుడు నిద్రమాత్ర, ఊరెళితే కల్లు అన్న పద్ధతీ దీని కిందికే వస్తుంది. మొదటిదాన్ని ఏకకాల వాడకమనీ, రెండోదాన్ని సమాంతర వాడకమనీ విడదీసి చెబుతారు. ఉన్నపళంగా ప్రాణం మీదికి తెచ్చేది మొదటిది. రెండోది ఇంట్లోవాళ్ల కంట పడదు. ఏ ఒక్కటీ మితిమీరినట్టు ఉండదు కాబట్టి వాడే పిల్లవాడికి కూడా అది అలవాటుగా తోచదు.

బడిలో చెప్పే పాఠం, ఆసుపత్రి కేసు షీటు, పోలీసుల ఎఫ్‌ఐఆర్, ప్రభుత్వ సర్వే అన్నీ ఒక్కో పదార్థం పేరు మీద నడుస్తాయి. పిల్లల వాడకం అలా నడవదు. ఏది దొరికితే అది, ఏది చవకైతే అది, ఏది నోట్లో వాసన రాకపోతే అది. పైగా చాలా సందర్భాల్లో కలపడమన్నది పిల్లల చేతుల్లో జరగదు; దుకాణానికి వచ్చేసరికే సరుకు కలిసి ఉంటుంది. ఈ సంగతి వదిలేస్తే మిశ్రమ వాడకం ఉత్త కుర్రతనపు దుడుకుగా కనబడుతుంది.

వైద్య గ్రంథాలు కూడా దీన్ని ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి తడబడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో దీని సంకేతం ఎఫ్19. పదకొండో కూర్పులో 6సీ4ఎఫ్. అమెరికా మనోవైద్యుల సంఘం తన మానసిక జబ్బుల వర్గీకరణ గ్రంథం నాలుగో కూర్పులో దీన్ని విడి జబ్బుగా గుర్తించింది. ఏడాది కాలంలో కనీసం మూడు రకాలు వాడుతూ, వాటిలో ఏ ఒక్కటీ మిగతావాటి మీద పైచేయి కాకుండా ఉంటేనే ఆ పేరు రాయాలని షరతు. 2013లో వచ్చిన ఐదో కూర్పు ఆ జబ్బును జాబితాలోంచి తీసేసి, ఒక్కో పదార్థానికి ఒక్కో నిర్ధారణ రాసుకోమంది. రాతకోతలకు అది సుఖంగానే ఉంది గానీ, నాలుగు నిర్ధారణలు రాసిన కాగితం మీద ఆ నాలుగూ ఒకదాన్నొకటి ఎలా లాక్కొస్తున్నాయో కనబడదు.

కలిసే వచ్చే సరుకు

గుట్కా పొట్లం విప్పితే అందులో ఉన్నవి రెండు మత్తులు. పొగాకులో నికోటిన్ సంగతి అందరికీ తెలుసు. వక్కలో అరెకొలిన్ అనే రసాయనం ఉంటుంది. అదీ మెదడును ఉత్తేజపరిచేదే. వక్కను ఒంటరిగా నమిలినా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. తమలపాకులో వక్క వేసుకోవడాన్ని మత్తు లెక్కలో వేసే అలవాటు మనకు లేదు కనుక, గుట్కా నమిలే ఎనిమిదో తరగతి పిల్లవాణ్ని సర్వేలు పొగాకు గడిలో వేసి ఊరుకుంటాయి.

గంజాయిదీ ఇలాంటి కథే. కాలేజీ కుర్రాళ్లు సిగరెట్‌లోని పొగాకును అరచేతిలోకి రాల్చి, గింజలూ పుల్లలూ ఏరేసిన గంజాయిని అందులో నలిపి, మళ్లీ ఆ గొట్టంలోకో చుట్టే కాగితంలోకో ఎక్కిస్తారు. గంజాయి ఒక్కటే చుడితే గొంతు మండుతుంది, సరుకు కూడా తొందరగా అయిపోతుంది. పొగాకు కలిపితే పొదుపు. అలా రోజుకో జాయింట్ తాగేవాడు తాను సిగరెట్ ముట్టనని నిజాయితీగానే చెబుతాడు. గంజాయి మానేసిన వారంలో అతనికి వచ్చే చిరాకు, నిద్రలేమి, నోరు లాగడంలో కొంత నికోటిన్‌దే. దాని సంగతి ఎవరూ చూడకపోతే ఓ సిగరెట్ వెలిగించి సర్దుకుంటాడు. గంజాయి మానిపించామనుకున్నవాళ్లు పొగాకు అంటించి పంపినట్టవుతుంది.

దగ్గుమందు సీసా ఇంకా విచిత్రమైనది. మత్తు కోసం తాగే కోడీన్ సిరప్ చీటీ మీద చిన్న అక్షరాల్లో సాధారణంగా ఇలా ఉంటుంది: ప్రతి 5 మిల్లీలీటర్లలో కోడీన్ ఫాస్ఫేట్ 10 మిల్లీగ్రాములు, క్లోర్‌ఫెనిరమిన్ 4 మిల్లీగ్రాములు. కోడీన్ నల్లమందు జాతి మందు. రెండోది జలుబు మాత్రల్లో ఉండే మగత మందు. 100 మిల్లీలీటర్ల సీసా ఒక్క గుక్కలో ఖాళీ చేసినవాడి ఒంట్లోకి 200 మిల్లీగ్రాముల కోడీన్, 80 మిల్లీగ్రాముల క్లోర్‌ఫెనిరమిన్ వెళతాయి. పెద్దవాళ్లకైనా రోజు మొత్తానికి 24 మిల్లీగ్రాములు దాటకూడదని చెప్పే మందు అది. నోరెండిపోవడం, గుండె దడ, కళ్లు మసకబారడం, మూర్ఛ దాకా వచ్చే లక్షణాలు ఈ రెండో మందువి. తాగినవాడు అడిగింది మొదటిదే. కోడీన్‌ను కాలేయం మార్ఫిన్‌గా మారుస్తుంది. కొందరిలో పుట్టుకతోనే ఆ మార్పు చాలా వేగంగా జరుగుతుంది; ఇద్దరు స్నేహితులు ఒకే సీసా పంచుకుంటే ఒకడు నవ్వుతూ ఇంటికెళ్లి, ఇంకొకడు ఊపిరి అందక పడిపోవడం వెనక కారణం ఇది కావచ్చు. అమెరికా 2018లో కోడీన్ దగ్గుమందులను పద్దెనిమిదేళ్ల లోపువారికి వాడొద్దని కట్టడి చేసింది.

ఇక తెలంగాణలో కల్తీ కల్లు. ఈత చెట్టు, తాటి చెట్టు ఇచ్చే కల్లు కాంపౌండ్లలో అమ్ముడయ్యేంత ఉండదు. నీళ్లు కలిపితే ఘాటు తగ్గుతుంది. తగ్గిన ఘాటును పూడ్చడానికి మొదట క్లోరల్ హైడ్రేట్, తర్వాత డైజిపామ్, అల్ప్రాజోలం చేరాయి. తాగేవాళ్లకు తెలిసింది ఈ దుకాణం కల్లు "ఎక్కుతుంది", ఆ దుకాణం కల్లు ఎక్కదు అన్నంతే. పండక్కో పెళ్లికో ఇంట్లోవాళ్లే పిల్లలకు గ్లాసు పోసే ఆచారం చాలా ఊళ్లలో ఉంది కనుక, మద్యాన్నీ నిద్రమాత్ర మందునూ కలిపి పుచ్చుకోవడం ఇక్కడ ఏ పబ్బులోనో మొదలవ్వాల్సిన అవసరం లేదు. 2015 సెప్టెంబరులో అధికారులు దాడులు చేసి కల్తీని ఒక్కసారిగా ఆపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు వింత రోగులతో నిండాయి: మూర్ఛలు, చేతుల వణుకు, పొంతన లేని మాటలు. రోజూ ఒంట్లోకి వెళుతున్న మందు ఆగిపోవడంతో వచ్చిన బాధ అది. వాళ్లలో చాలామందికి తాము అలాంటి మందు తీసుకుంటున్నట్టే తెలియదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు.

ఒంట్లో జరిగేది

మద్యం, అల్ప్రాజోలం రెండూ మెదడులో గాబా అనే రసాయనం పనిని పెంచుతాయి. ఒకే గ్రాహకం మీద వేర్వేరు చోట్ల పట్టు దొరకబుచ్చుకుంటాయి కాబట్టి, రెండూ కొద్దికొద్దిగా తీసుకున్నా ప్రభావం కూడిక లెక్కలో ఉండదు. మొదట మాట ముద్దవుతుంది, తర్వాత జ్ఞాపకం తెగిపోతుంది, ఆపైన ఊపిరి నెమ్మదిస్తుంది. కోడీన్, ట్రమడాల్, హెరాయిన్ వంటివి మెదడు కాండంలో ఊపిరిని నడిపే కేంద్రాన్నే నేరుగా మందగింపజేస్తాయి. వీటికి నిద్రమాత్ర తోడైతే వచ్చే ప్రమాదం మీద అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2016లో మందుల పెట్టెల మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది.

ట్రమడాల్‌కు ఇంకో పేచీ ఉంది. నొప్పి మందులన్నీ మగతకే దారితీస్తాయనుకుంటారు గానీ, ఇది మోతాదు మించితే మూర్ఛ తెప్పిస్తుంది. మూర్ఛ రోగం లేని ఇంటర్ విద్యార్థి నురగలు కక్కుతూ అత్యవసర విభాగానికి వస్తే డాక్టర్లు ముందు అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి.

ఒకదానికొకటి విరుద్ధంగా పనిచేసేవి కలిస్తే ప్రమాదం వేరే రకం. ఎనర్జీ డ్రింకులో ఉన్న కెఫీన్ నిద్రను ఆపుతుంది, మద్యం మత్తును తగ్గించదు. తాగినవాడికి తాను నిబ్బరంగా ఉన్నట్టు అనిపిస్తుంది; ఇంకో రెండు పెగ్గులు పడతాయి, బండి తాళం చేతిలోకి వస్తుంది. ఈ కారణంతోనే 2010 నవంబరులో అమెరికా ప్రభుత్వం కెఫీన్ కలిపిన మద్యం అమ్మే నాలుగు కంపెనీలను హెచ్చరించింది. కొకైన్, మద్యం కలిసినప్పుడు కాలేయం కోకాఎథిలీన్ అనే మూడో పదార్థాన్ని తయారుచేస్తుంది. అది కొకైన్ కన్నా ఎక్కువసేపు ఒంట్లో ఉండి గుండెను సతాయిస్తుంది. ఇలా కొనని మత్తు ఒకటి ఒంట్లోనే పుట్టడం అరుదైన విషయం. సైకిల్ ట్యూబు అతికించే సొల్యూషన్, వైట్‌నర్, థిన్నర్ వంటివాటి ఆవిరి గుండెను అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తుంది. పీల్చిన వెంటనే భయపడి పరుగెత్తిన పిల్లవాడు కుప్పకూలి చనిపోవడం వైద్య సాహిత్యంలో నమోదైన సంగతే. పోలీసును చూసి పరుగెత్తేది కూడా ఆ పిల్లలేనన్నది మరిచిపోకూడదు.

కౌమారపు మెదడుకు తనదైన బలహీనత ఉంది. కోరికను పుట్టించే భాగాలు ముందు చురుకవుతాయి; పర్యవసానం ఆలోచించే ముందరి భాగం ఇరవై దాటిన కొన్నేళ్లకు గానీ పూర్తిగా ఎదగదు. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఇంకో తేడా బయటపడింది. పెద్ద ఎలుకలతో పోలిస్తే కౌమార దశలో ఉన్నవాటికి మద్యంతో నిద్రమత్తు, తూలడం తక్కువ. జ్ఞాపకశక్తి దెబ్బతినడం ఎక్కువ. ఇది మనుషులకూ కొంత వర్తిస్తే, 'చాలు' అని ఒళ్లు చెప్పే సూచన పిల్లలకు ఆలస్యంగా అందుతుందని అర్థం. పక్కన ఇంకో మత్తు కలవడానికి ఆ వ్యవధి సరిపోతుంది.

హాస్టల్ గదుల్లో జరిగే మరణాల్లో తరచూ ఉండే అంశం స్నేహితుల నమ్మకం: పడుకుంటే దిగిపోతుందని. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ పట్టిస్తారు. స్పృహ లేనివాడి నోట్లో పోసింది, కక్కుకున్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఊపిరి గమనిస్తూ 108కి ఫోన్ చేయడం, ఏమేం తీసుకున్నాడో దాచకుండా చెప్పడం, ఖాళీ స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లడం అసలు చేయాల్సినవి. నల్లమందు జాతి మందుకు నాలోక్సోన్ విరుగుడు ఉంది. మద్యానికి అలాంటిది లేదు. రెండూ కలిసినప్పుడు ఒకదానికి విరుగుడు ఇచ్చాక కూడా రోగి లేవకపోవచ్చు.

లెక్కలు

కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2019లో వచ్చాయి. 10 నుంచి 75 ఏళ్ల వారిలో 14.6 శాతం మంది మద్యం, 2.8 శాతం మంది గంజాయి లేదా భంగు, 2.1 శాతం మంది నల్లమందు జాతి పదార్థాలు వాడుతున్నట్టు అది అంచనా కట్టింది. పెద్దల కంటే పిల్లలే ముందున్న గడి ఒక్కటి: పీల్చే మత్తులు. పెద్దల్లో 0.58 శాతం, పిల్లలు, కౌమారుల్లో 1.17 శాతం.

పిల్లల గురించి లోతైన లెక్క అంతకు ముందుది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ కోసం ఎయిమ్స్ వాళ్లే 2013లో వెలువరించిన అధ్యయనంలో అప్పటికే ఏదో ఒక మత్తు వాడుతున్న 4,024 మంది పిల్లలతో మాట్లాడారు. వారిలో పొగాకు రుచి చూసినవారు 83.2 శాతం, మద్యం 67.7, గంజాయి 35.4, పీల్చేవి 34.7, నల్లమందు జాతి మాత్రలు, ఇంజెక్షన్లు 18.1 శాతం. ఈ అంకెల్ని కూడితే రెండు వందలు దాటుతాయి. అంటే సగటున ఒక్కో పిల్లవాడు రెండు రకాలకు పైగా చూశాడు. మిశ్రమ వాడకం అన్న మాట ఎత్తకుండానే ఆ పట్టిక దాన్ని బయటపెట్టేసింది.

బడి పిల్లల సర్వేలు తక్కువ చూపిస్తాయి. 2019 నాటి పొగాకు సర్వేలో 13-15 ఏళ్ల విద్యార్థుల్లో వాడేవారు 8.5 శాతం. బడి మానేసినవాళ్లు ఈ లెక్కలో ఉండరు. ఉన్నవాళ్లు టీచరు చూస్తుండగా నిజం రాయడానికి జంకుతారు. గొప్పలకు పోయి రాసేవాళ్లను పట్టుకోవడానికి ఐరోపా దేశాల విద్యార్థి సర్వేలో 'రెలెవిన్' అనే లేని మందు పేరొకటి పెట్టి, వాడావా అని అడిగేవారు.

ఏది ముందు, ఏది తర్వాత

1975లో డెనీస్ కాండెల్ అనే పరిశోధకురాలు న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు విద్యార్థులను పరిశీలించి ఒక వరస చెప్పారు: బీరు, వైన్‌తో మొదలై, సిగరెట్, ఘాటు మద్యం మీదుగా గంజాయికి, అక్కడి నుంచి మిగతావాటికి. మొదటి మెట్టు ఎక్కినవాళ్లంతా పైకి పోరు, కానీ పైనున్నవాళ్లలో ఎక్కువ మంది ఆ మెట్ల మీదుగానే వచ్చారన్నది సారాంశం. 2011లో ఎలుకల మీద చేసిన ప్రయోగం దీనికి కొంత జీవశాస్త్ర ఆధారం ఇచ్చింది. ముందుగా నికోటిన్ ఇచ్చిన ఎలుకల మెదడు కొకైన్‌కు మరింతగా స్పందించింది; వరస మార్చి కొకైన్ ముందిస్తే అలా జరగలేదు.

ఈ వరస న్యూయార్క్‌ది. మన దేశంలోని పిల్లలది వేరు. పైన చెప్పిన 4,024 మందిలో పొగాకు మొదలైన సగటు వయసు 12.3 ఏళ్లు, పీల్చేవి 12.4, గంజాయి 13.4, మద్యం 13.6, హెరాయిన్ 14.9, ఇంజెక్షన్లు 15.1. మద్యం కన్నా సొల్యూషన్ ట్యూబు ఏడాది ముందే చేతికొచ్చింది. కారణం రసాయన శాస్త్రంలో వెతకనక్కర్లేదు: పంక్చర్ దుకాణంలో అది పన్నెండేళ్ల పిల్లవాడికి అమ్ముతారు, వైన్ షాపులో ముఖం చూసి తరిమేస్తారు. పదిహేడు దేశాల్లో జరిగిన మరో పోలికలో, గంజాయి వాడకం బాగా తక్కువున్న జపాన్‌లో మిగతా మత్తులకు వెళ్లినవారిలో చాలామంది గంజాయి మెట్టును తాకనేలేదని తేలింది. కాబట్టి వరసను నిర్ణయించేది మెదడు కొంత, వీధి చాలా అనుకోవాలి. మూడు నాలుగు రకాల దాకా వెళ్లే పిల్లల్లో అదుపు లేని ఆవేశం, చదువులో వెనకబడటం, ఇంట్లో హింస, పెద్దల తాగుడు తరచూ కనిపిస్తాయి. అవి ఏ మత్తుకైనా దారితీసే కారణాలే గనుక, ఒక మత్తు ఇంకొకదాన్ని తెచ్చిందనడం కన్నా రెండింటికీ ఒకే వేరు ఉందనే వాదానికి బలం ఉంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ

ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని ఏజెన్సీ కొండల్లో గంజాయి సాగు దశాబ్దాలుగా సాగింది. శీలావతి రకానికి దేశమంతా గిరాకీ. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. సాగు చాలావరకు సరిహద్దు అవతలికి జరిగింది, దారి మాత్రం ఇటే ఉంది. మోయడానికి తేలికని ఆకును హ్యాష్ ఆయిల్‌గా మార్చి చిన్న సీసాల్లో తరలిస్తారు. సిగరెట్ మీద రెండు చుక్కలు రాస్తే చాలు, చుట్టే పని కూడా ఉండదు. హైదరాబాద్ చుట్టుపక్కల పాన్ డబ్బాల్లో గంజాయి కలిపిన చాక్లెట్లు పట్టుబడటం ఈ మధ్య మామూలైంది. సంగారెడ్డి జిల్లాలో రహస్యంగా అల్ప్రాజోలం తయారుచేసే యూనిట్లు బయటపడ్డాయి. మందుల కంపెనీల రాజధానిగా పేరుపడ్డ హైదరాబాద్‌కు ఆ పేరుతో పాటు వచ్చిన బెడద ఇది. జిమ్‌లకు వెళ్లే కుర్రాళ్లలో మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్ మరో కొత్త పేరు. ఆపరేషన్ సమయంలో పడిపోయిన రక్తపోటును లేపడానికి మత్తు డాక్టర్లు వాడే మందు అది.

నివారణ

1983లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన పోలీసు పాఠాల కార్యక్రమం డేర్ అమెరికాలో చాలా బడులకు పాకింది. పిల్లలకు నచ్చింది, తల్లిదండ్రులకు నచ్చింది. వాడకాన్ని మాత్రం తగ్గించలేదని వరసగా వచ్చిన మూల్యాంకనాలు చెప్పాయి. మాదకద్రవ్యాల వ్యతిరేక దినమని జూన్ 26న ర్యాలీ తీసి, ప్రతిజ్ఞ చేయించి, ఫొటో దిగే మన పద్ధతి దానికి దూరపు చుట్టమే. దీనికి భిన్నంగా ఢిల్లీ, చెన్నైలలోని 32 బడుల్లో 2004-06 మధ్య జరిగిన 'మైత్రి' అనే ప్రయోగంలో, తోటి విద్యార్థులే నాయకులుగా నడిపిన తరగతి కార్యక్రమాలు పొగాకు వాడకాన్ని తగ్గించగలిగాయి. ఆ ప్రయోగం మొదట్లోనే ఒక కంగారు పెట్టే సంగతి బయటపడింది: పొగాకు రుచి చూసినవారు ఎనిమిదో తరగతిలో 9.3 శాతం ఉంటే, ఆరో తరగతిలో 24.8 శాతం.

మిశ్రమ వాడకం విషయంలో ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ ఐస్‌లాండ్. ఏ మత్తు మీదా విడిగా గురిపెట్టకుండా అక్కడివారు పిల్లల సాయంత్రాల మీద దృష్టి పెట్టారు: ఆటలకు, సంగీతానికి డబ్బు, రాత్రి పూట బయట తిరగడానికి వేళలు, తల్లిదండ్రుల మధ్య ఒప్పందాలు, ఏటేటా సర్వే. 15-16 ఏళ్ల వారిలో గత నెలలో తాగి తూలినవారు 1998లో 42 శాతం, 2016కి 5 శాతం. రోజూ సిగరెట్ కాల్చేవారు 23 నుంచి 3కి, గంజాయి చూసినవారు 17 నుంచి 7కి పడ్డారు. మూడూ కలిసి దిగడం గమనించదగ్గది. అదే కాలంలో ఐరోపాలో వేరే దేశాల్లోనూ పిల్లల తాగుడు తగ్గింది కనుక ఘనతంతా ఆ పథకానిదే అనలేం. నాలుగు లక్షల జనాభా కూడా లేని దేశపు మైదానాలు, జీతాలు ఇచ్చి పెట్టుకున్న కోచ్‌లు, ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే మన ఇంటర్ కాలేజీలకు ఎలా వస్తాయన్నది వేరే ప్రశ్న.

చికిత్స, చట్టం

చికిత్సలో మొదటి పని ఏమేం వాడుతున్నారో పూర్తి జాబితా రాబట్టడం. 'తాగుతావా' అంటే కాదంటాడు, కల్లు అతని దృష్టిలో తాగుడు కాదు. 'డ్రగ్స్ తీసుకుంటావా' అంటే కాదంటాడు, మాత్రలు మెడికల్ షాపులో కొన్నవి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన అసిస్ట్ ప్రశ్నావళి ఒక్కో పదార్థం పేరూ విడివిడిగా అడుగుతుంది. మానిపించే వరస కూడా ముఖ్యం. మద్యాన్నీ నిద్రమాత్రల్నీ హఠాత్తుగా ఆపితే మూర్ఛలు వస్తాయి, ప్రాణం పోవచ్చు. వైద్యుల కనుసన్నల్లో మెల్లగా తగ్గించాలి. గంజాయి, పొగాకు ఆపితే బాధ ఉంటుంది గానీ ప్రాణభయం ఉండదు. అన్నీ ఒకే రోజు మానిపించి గదిలో పెట్టి తాళం వేసే ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాలు ఈ తేడా పాటించవు. అలాంటి చోట పెద్దవాళ్లతో కలిపి పడుకోబెట్టిన పదహారేళ్లవాడు కొత్త మత్తుల పేర్లు నేర్చుకుని బయటికొస్తాడు. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో, బెంగళూరు నిమ్హాన్స్‌లో చికిత్స దొరుకుతుంది.

చట్టాలు పదార్థాల వారీగా చీలి ఉన్నాయి. గంజాయి, హెరాయిన్, అల్ప్రాజోలం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తాయి. గంజాయి ఆకు మాత్రం పూత లేకుండా ఉంటే దాని పరిధిలో లేదు, భంగు అలా తప్పించుకుంది. ట్రమడాల్ 2018లో ఆ జాబితాలో చేరింది. పొగాకుకు 2003 చట్టం: పద్దెనిమిదేళ్ల లోపువారికి, విద్యాసంస్థకు వంద గజాల లోపు అమ్మకూడదు. ఈ-సిగరెట్లను 2019లో నిషేధించారు. మద్యం ఎక్సైజ్ శాఖది. రెండు రాష్ట్రాల్లోనూ ఇరవై ఒక్కేళ్లు నిండాలి. నిద్రమాత్రలు, కోడీన్ అమ్మిన ప్రతిసారీ మెడికల్ షాపు విడిగా రిజిస్టరులో రాయాలి; దాన్ని తనిఖీ చేయాల్సింది ఔషధ నియంత్రణ శాఖ. పంక్చర్ సొల్యూషన్‌ను చూసే శాఖంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. ఈ గోడలన్నీ దాటి పిల్లవాణ్ని కేంద్రంగా పెట్టుకున్నది 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్: పిల్లలకు మద్యం, మత్తు మందు, పొగాకు ఏది ఇచ్చినా ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

వాడినవారి మీద ఎన్‌డీపీఎస్ చట్టం కేసు పెట్టగలదు. అయితే తనంతట తాను ముందుకొచ్చి చికిత్స పూర్తి చేసుకున్న బానిసకు 64ఏ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. ఆ సెక్షన్ గురించి తల్లిదండ్రుల్లో తెలిసినవారు తక్కువ, భయపడి ఆసుపత్రికి వెళ్లనివారు ఎక్కువ. శిక్షకూ చికిత్సకూ మధ్య ఉన్న ఈ తేడా ఫోన్ నంబర్లలోనూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908, దేశవ్యాప్తంగా 1933 మాదకద్రవ్యాల నిరోధక విభాగాలవి. సరుకు ఎక్కడ అమ్ముతున్నారో చెప్పడానికి పెట్టినవి. 14446 మత్తు మానడానికి సలహా ఇచ్చే జాతీయ హెల్ప్‌లైన్. 14416 టెలీ మానస్, మానసిక ఆరోగ్యానిది, తెలుగులో మాట్లాడొచ్చు.